పాత ఆయిల్ పెయింటింగ్ కింద ఇంకో బొమ్మ ఉందని అనుమానం, ఎక్స్‌రేలో తేలుతుందా?

పాతపెట్టె
మా ముత్తాతగారి ఆయిల్ పెయింటింగ్ ఒకటి కాకినాడ ఇంట్లో హాల్లో ఉంది. కాన్వాసు మీద వేసింది, మూడడుగుల ఎత్తు ఉంటుంది. తలపాగా, జరీ కండువా, చేతిలో పొన్నుకర్ర. సంతకం లేదు. సున్నాలకని దింపి గోడవారగా పెడితే, కిటికీ వెలుతురు పక్కనుంచి పడి కండువా మీద గుండ్రంగా ఓ గట్టు కనబడింది. రంగులో తేడా ఏమీ లేదు, కానీ కుంచె గీతలు కండువా మడతల్ని పట్టించుకోకుండా అడ్డంగా పోతున్నాయి. మా మేనత్త చెప్పే కథ ఏంటంటే, అది మొదట ఎవరో దొర కోసం మొదలెట్టిన బొమ్మట, దొర డబ్బులు ఎగ్గొట్టి ఓడెక్కేస్తే దాని మీదే మా ముత్తాతని దించాడట చిత్రకారుడు.

నా గోల ఏంటంటే, వాన్ గో బొమ్మ కింద ఒక ఆడమనిషి మొహం రంగులతో సహా దొరికిందని ఒక వీడియో తిరుగుతోంది కదా. అది చూసి మా వీధి డయాగ్నస్టిక్ సెంటర్లో అడిగితే "పేషెంటు పేరు ఏం రాయమంటారు" అని నవ్వేశారు. మామూలు ఎక్స్‌రేలో నిజంగా కనబడుతుందా, లేక ఆ వీడియోలన్నీ ఉత్తుత్తివా?

కొబ్బరాకు
పరగడుపున తీసుకెళ్ళండి. రిపోర్టు సాయంత్రం ఇస్తారు.

రాత్రిడ్యూటీ
కనబడుతుంది. నేను రేడియాలజీ టెక్నీషియన్ని, అందుకని ఆ వైపు నుంచే చెప్తా. రాంట్‌గెన్ 1895లో ఎక్స్‌రేలు కనిపెట్టాడు, మరుసటి ఏడే జర్మనీలో పెయింటింగుకి ఎక్స్‌రే తీసి చూశారు. అంటే ఎముకలకీ బొమ్మలకీ దాదాపు ఒకేసారి మొదలైన వైద్యం ఇది.

కానీ ఛాతీకి పెట్టే సెట్టింగు పెడితే మీ ముత్తాతగారు మాయమైపోతారు. ఛాతీకి మేం 100 నుంచి 120 కిలోవోల్టులు వాడతాం. ఆ బలానికి గుడ్డా, రంగూ రెండూ లెక్కలోకి రావు, ప్లేటు మొత్తం నల్లగా వచ్చేస్తుంది. పెయింటింగులకి 30 కిలోవోల్టుల అటూఇటూ పెడతారు, అది మామోగ్రఫీ స్థాయి. కిరణాల బలం తగ్గించినప్పుడే ఏ రంగు వాటిని ఆపుతోంది, ఏది వదిలేస్తోంది అన్న తేడా పట్టుబడుతుంది.

ఇంకోటి, మాకు ఏఈఆర్‌బీ (అణుశక్తి నియంత్రణ మండలి) లైసెన్సు ఇచ్చేది రోగుల కోసం. ఇంటి బొమ్మలకి వాడామని తెలిస్తే సెంటరు వాళ్ళకి లేనిపోని తలనొప్పి. వాళ్ళు నవ్వినందుకు ఏమనుకోకండి.

సందేహాల_సుబ్బి
రంగు కిరణాల్ని ఆపడం ఏంటండీ? ఎరుపు ఒకలా, పచ్చ ఒకలా ఆపుతాయా?

రాత్రిడ్యూటీ
రంగుతో పనిలేదు సుబ్బిగారూ, అందులో ఉన్న మూలకంతో పని. పరమాణు సంఖ్య పెరిగేకొద్దీ ఎక్కువ ఆపుతుంది. సీసం 82, పాదరసం 80, కార్బన్ 6. మేం వేసుకునే ఏప్రన్‌లో ఉండేది కూడా సీసమే. పాత యూరప్ చిత్రకారులు వాడిన తెల్లరంగు సీసం తెలుపు. అందుకని నుదురు, ముక్కు మీద మెరుపు, చొక్కా కాలరు లాంటివి ఎక్స్‌రేలో ధగధగలాడతాయి. ఇంగిలీకం అనే ఎరుపులో పాదరసం ఉంటుంది కాబట్టి అదీ ఆపుతుంది. మసి నలుపు, నీలిమందు, లక్క ఎరుపు వేసిన చోట్లు మాత్రం దాదాపు ఏమీ వేయనట్టే వస్తాయి.

కాకిలెక్క
అంటే వచ్చేది బొమ్మ కాదు, సీసం ఎక్కడెక్కడ ఉందో చూపించే మ్యాపు. మిగతాది చూసేవాళ్ళ ఊహ.

డెల్ఫ్ట్_డైరీ
కాకిలెక్క గారి మాట పట్టుకుంటే ఆ వీడియో సంగతి సగం తేలిపోతుంది. నేను నెదర్లాండ్స్‌లో మెటీరియల్స్‌లో పీహెచ్‌డీ చేస్తున్నా. చిత్రకళ నా సబ్జెక్టు కాదు, కానీ ఆ వాన్ గో పనిలో మా యూనివర్సిటీ వాళ్ళున్నారు కాబట్టి ఇక్కడ అందరికీ తెలిసిన కథే.

అది 1887లో పారిస్‌లో వేసిన పచ్చిక బొమ్మ, క్రోలర్-ముల్లర్ మ్యూజియంలో ఉంటుంది. కింద ఓ తల ఉందని మామూలు ఎక్స్‌రేలో ముందే తెలుసు. కానీ ముక్కూ మొహం తెలియలేదు. ఎందుకంటే ఎక్స్‌రేలో పై పొర, కింది పొర, మేకులు, వెనక చెక్క అన్నీ ఒకదాని మీద ఒకటి పడతాయి. బస్టాండు గోడ మీద పదేళ్ళ పోస్టర్లన్నీ గాజువైపోయి ఒకేసారి కనబడితే ఎంత అర్థమవుతుందో అంతే అర్థమవుతుంది.

2008లో యోరిస్ డిక్, కూన్ యాన్‌సెన్స్ బృందం దాన్ని హాంబర్గ్‌లో సింక్రోట్రాన్ (చాలా బలమైన ఎక్స్‌రేలు పుట్టించే భారీ యంత్రం) దగ్గరికి పట్టుకెళ్ళి, తల ఉందనుకున్న 17.5 సెంటీమీటర్ల చదరాన్ని రెండు రోజులపాటు చుక్క చుక్కగా స్కాన్ చేశారు. ఇది వేరే పద్ధతి, పేరు ఎక్స్‌రే ఫ్లోరసెన్స్. సన్నటి కిరణం ఒక చుక్క మీద పడగానే అక్కడున్న మూలకాలు ఒక్కొక్కటీ తన సొంత శక్తి ఉన్న ఎక్స్‌రేని తిరిగి వదులుతాయి. దాన్ని బట్టి ఇది పాదరసం, ఇది ఇనుము, ఇది రాగి అని విడివిడి మ్యాపులు గీస్తారు. ఈ బొమ్మలో దారి చూపించినవి పాదరసం, ఆంటిమనీ. పాదరసం అంటే పెదవులకీ చెంపలకీ వేసిన ఎరుపు. ఆంటిమనీ అంటే ఒంటి రంగులో కలిపిన నేపుల్స్ పసుపు. ఆ రెండూ కలిపితే రైతు స్త్రీ మొహం బయటికొచ్చింది. హాలండ్‌లో ఉన్నప్పుడు వాన్ గో అలాంటి తలలు కుప్పలుగా వేశాడు.

వీడియోలో కనబడే రంగులు మాత్రం కెమెరా పట్టినవి కావు. ఏ మూలకం ఉంటే ఏ రంగు అయి ఉండాలో లెక్కేసి మనుషులు పూసినవి. ఉత్తుత్తి కాదు, అలాగని ఫోటో కూడా కాదు.

పాతపెట్టె
ఆ సింక్రోట్రాన్ అద్దెకిస్తారా 😀

డెల్ఫ్ట్_డైరీ
ఇప్పుడు అంత దూరం పోనక్కర్లేదు, మ్యూజియంలోనే పెట్టుకునే స్కానర్లు వచ్చాయి. ఆమ్‌స్టర్‌డామ్‌లో రెంబ్రాంట్ వేసిన 'నైట్ వాచ్' బొమ్మకి 2019లో మొదలుపెట్టారు. చుట్టూ గాజుగది కట్టి, జనం చూస్తుండగానే. 1642 నాటి బొమ్మ, దాదాపు 3.8 మీటర్ల ఎత్తు, నాలుగున్నర మీటర్ల వెడల్పు. మొత్తం 56 స్కాన్లు, ఒక్కో స్కాన్‌కి ఇంచుమించు ఒక రోజు. అందులో కాల్షియం మ్యాపు తీస్తే, రెంబ్రాంట్ సుద్ద కలిపిన రంగుతో వేసుకున్న మొదటి స్కెచ్ బయటపడింది. ముందు గీసి తర్వాత వద్దనుకున్న ఈకలు, కత్తి కూడా తెలిశాయి. సీసం వెనక పరిగెత్తే మామూలు ఎక్స్‌రేకి సుద్ద ఎక్కడ ఆనుతుంది?

కొబ్బరాకు
మా అపార్ట్‌మెంట్ లిఫ్టు రిపేరు కూడా జనం చూస్తుండగానే, ఒక్కో అంతస్తుకి ఒక రోజు.

బంగారుకొట్టు
డెల్ఫ్ట్ గారు చెప్పిన ఫ్లోరసెన్సు మెషీను మా షాపులో ఉందండోయ్! క్యారెట్ మీటరు అంటాం. గాజు పెట్టి మూత వేస్తే బంగారం ఎంత, రాగి ఎంత, వెండి ఎంత అని అర నిమిషంలో చెప్తుంది. అదీ ఎక్స్‌రేనే. పాతపెట్టె గారూ, ముత్తాతగారి కండువా జరీ తూకం చూద్దామా?

పాతపెట్టె
మీ షాపుకి మూడడుగుల మూత ఉందా ముందు చెప్పండి.

డెల్ఫ్ట్_డైరీ
బంగారుకొట్టు గారిది కచ్చితంగా అదే సూత్రం. చేత్తో పట్టుకునే రకం కూడా ఉంటుంది, మ్యూజియాల వాళ్ళు వాడతారు. కాకపోతే మీ గాజు లోపల లక్క ఉందో, ఇంకేముందో దానికి తెలియదు కదా, పైన కొద్ది లోతే చూస్తుంది. పెయింటింగులో కూడా పైన దళసరిగా సీసం తెలుపు ఉంటే, కింది పొరలో తేలిక మూలకాలు ఇచ్చే సంకేతం బయటికి రాకముందే ఆగిపోతుంది. అందుకని ఏ ఒక్క పద్ధతీ సరిపోదు.

సందేహాల_సుబ్బి
నాకు అర్థంకానిది ఇంకోటి. అంత గొప్పవాళ్ళు వేసిన దాని మీద మళ్ళీ ఎందుకు వేశారు?

బ్యానర్_బుల్లెబ్బాయ్
డబ్బుల్లేక అమ్మా. ఇంకేం కారణం కావాలి.
మా నాన్న గుంటూరులో సినిమా బ్యానర్లు వేసేవాడు. గుడ్డ ఖరీదే సగం కూలీ. హాల్లోంచి బొమ్మ ఎత్తేయగానే ఆ గుడ్డే దింపుకొచ్చి తెలుపు కొట్టి, పాత హీరో గుండెల మీద కొత్త హీరోని నిలబెట్టేవాడు. ఎండాకాలం పైపూత పెచ్చులూడి పాత హీరోయిన్ కన్ను ఒక్కటే కనబడుతూ ఉండేది, పిల్లలం భయపడేవాళ్ళం. డెల్ఫ్ట్ గారూ, మా నాన్న తెలుపులో సీసం లేదు, సుద్దా జింకూ. దానికి ఎక్స్‌రే తీస్తే ఏమైనా తేలేదా?

డెల్ఫ్ట్_డైరీ
జింకు పరమాణు సంఖ్య 30, సుద్దలో కాల్షియం 20. సీసమంత మెరవదు, అయినా దళసరిగా కొడితే కొంత తేడా కనబడుతుంది. ఆయన బ్యానరు ఒక్కటైనా మిగిలిందా?

బ్యానర్_బుల్లెబ్బాయ్
లేదండీ. చివరికి వడ్లు ఆరబోసుకునే పట్టాలయ్యాయి.

కాకిలెక్క
సుబ్బిగారికి ఇంకో రెండు. పికాసో 1901లో వేసిన 'నీలి గది' వాషింగ్టన్‌లో ఫిలిప్స్ కలెక్షన్‌లో ఉంది. కుంచె గీతలు బొమ్మతో కలవడం లేదని 1950ల్లోనే అనుమానం వచ్చింది (పాతపెట్టె గారి కండువా కేసే). 1990ల్లో ఎక్స్‌రే తీస్తే ఏదో ఉందని తెలిసింది గానీ మసక. 2008లో ఇన్‌ఫ్రారెడ్‌తో (కంటికి కనబడని పరారుణ కాంతి) చూస్తే బో టై కట్టుకుని, వేళ్ళకి ఉంగరాలు పెట్టుకుని, చెంపకి చెయ్యి ఆనించుకున్న ఒక మగమనిషి. ఎవరో తేలలేదు. రెంబ్రాంట్ వేసిన సైనిక దుస్తుల ముసలాయన బొమ్మ గెట్టీ మ్యూజియంలో ఉంది. దాని కింద కుర్రాడి బొమ్మ తలకిందులుగా ఉంది. చెక్కపలక తిప్పి వాడేశాడు.

నిలువుగీత
ఇంత తెలిశాక ఇంకా పైపూత ఎందుకు ఉంచడం? కింద గొప్పది ఉంటే పైది తీసేయొచ్చుగా. డ్రెస్డెన్‌లో వెర్మీర్ బొమ్మకి తీశారు కదా, గోడ మీద పెద్ద మన్మథుడు బయటికొచ్చాడు.

డెల్ఫ్ట్_డైరీ
తీశారు. కానీ ఎందుకు తీశారో కూడా చూడాలి. కిటికీ దగ్గర ఉత్తరం చదువుకునే అమ్మాయి బొమ్మ అది. వెనక గోడలో మన్మథుడు ఉన్నాడని 1979 ఎక్స్‌రేలోనే తెలుసు. తెలిసీ నలభై ఏళ్ళు ముట్టుకోలేదు, వెర్మీరే మనసు మార్చుకుని కప్పేశాడని అనుకున్నారు. సీసం ఎక్కడుందో ఎక్స్‌రే చెప్పింది గానీ దాని మీద పూసింది ఎవరో చెప్పదు కదా. తర్వాత ఇసుక రేణువంత ముక్క తీసి అడ్డకోత మైక్రోస్కోపు కింద చూస్తే, వెర్మీర్ రంగుకీ పైపూతకీ మధ్య వార్నిష్, దాని మీద మురికి పొర కనబడ్డాయి. మురికి పట్టాలంటే ఏళ్ళు గడవాలి. పైపూత వేరేవాళ్ళదని 2019లో ప్రకటించి, మైక్రోస్కోపు కింద చిన్న కత్తితో గోకి, 2021లో జనానికి చూపించారు.

నిలువుగీత
అయినా గోకారుగా.

కాకిలెక్క
గోకింది పరాయివాడి పూత. పికాసో కేసులో పైదీ కిందదీ ఇద్దరూ పికాసోలే. దేన్ని చంపుతావు?

తంజావూరు_తెలుగు
నిలువుగీత గారూ, కింద ఉన్నదే గొప్పది, పైది చెత్త అనే మాట వింటే మాకు ఒళ్ళు మండుతుంది. మా తంజావూరు పెద్దగుడిలో గర్భాలయం చుట్టూ ఉన్న చీకటి నడవ గోడల మీద నాయకరాజుల కాలం బొమ్మలుండేవి. పెచ్చులూడిన చోట కింద ఇంకో బొమ్మ ఉందని 1931లో అన్నామలై యూనివర్సిటీ ఆయన, ఎస్.కె. గోవిందస్వామి, చూసి బయటపెట్టాడు. అవి రాజరాజ చోళుడి కాలంవి, వెయ్యేళ్ళ నాటివి. అప్పట్నుంచీ అందరి కళ్ళూ చోళుల మీదే. పైన బొమ్మలు వేయించిన నాయకులు మన తెలుగు రాజులే కదా, వాళ్ళ కుంచె మాత్రం ఊరికే వచ్చిందా?

మంచి సంగతి ఏంటంటే పురావస్తు శాఖ వాళ్ళు పైదాన్ని గోకి పారేయలేదు. కొన్నిచోట్ల నాయకుల పొరని పూతతో సహా గోడ నుంచి ఒలిచి, ఫైబర్‌గ్లాసు పలకల మీదకి ఎక్కించారు. కింద చోళుల బొమ్మలు తేలాయి, పైవీ దక్కాయి.

నిలువుగీత
ఇది తెలియదు. సరే, ఒలవగలిగితే ఒలవాలి, గోకకూడదు. అక్కడికి ఒప్పుకుంటా. కానీ కాన్వాసు మీద ఆయిల్‌ని అలా ఒలవలేం కదా, కాబట్టి నా ప్రశ్న అలాగే ఉంది.

పాతపెట్టె
గదిలో లైట్లన్నీ ఆపి, ఫోను టార్చిని కాన్వాసుకి పక్కగా పెట్టి చూశాను. గట్టు గుండ్రం కాదు, అరచంద్రం. దాని పైన ఇంకో రెండు సన్న గీతలు. మా మేనత్త "కోటు కాలరు" అంటోంది. నాకైతే వీణ బుర్రలా ఉంది.

సందేహాల_సుబ్బి
దొరగారు వీణ వాయించేవారేమో.

రాత్రిడ్యూటీ
పక్కవెలుతురు పరీక్ష మంచిదే, పైసా ఖర్చు లేదు. టార్చి కాన్వాసుకి తగలనీయకండి. నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసి పెట్టుకోండి, ఒకవైపు నుంచి కనబడని గట్టు ఇంకోవైపు నుంచి కనబడుతుంది.

డెల్ఫ్ట్_డైరీ
బొమ్మ ఏ కాలానిది? టైటానియం తెలుపు మార్కెట్లోకి వచ్చింది 1920ల ప్రాంతంలో. అది అయితే ఎక్స్‌రేలో సీసమంత తేడా రాదు, టైటానియం 22 మాత్రమే. జర్మనీలో బెల్ట్రాచి అనే దొంగచిత్రకారుడు దొరికిపోయింది ఆ తెలుపు వల్లే. 1914 నాటిదని చెప్పి అమ్మిన బొమ్మలో టైటానియం బయటపడింది. ట్యూబు మీద జింకు తెలుపు అనే రాసుందట, లోపల కలిపిన టైటానియం సంగతి రాయలేదు. 2011లో ఆరేళ్ళ జైలు.

పాతపెట్టె
1930లు అంటారు ఇంట్లో. కాగితం ఏదీ లేదు.

పడుగుపేక
ఎవరూ అడగలేదు గానీ, నాకు ఇందులో నచ్చేది గుడ్డ. మాది మంగళగిరి, మగ్గం ఇల్లు. ఎక్స్‌రేలో కాన్వాసు పడుగు, పేక పోగులు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకునేంత స్పష్టంగా వస్తాయని చదివాను. రంగు కింద ఉన్న నూలు ఎలా కనబడుతుంది? నూలులో లోహం లేదే.

డెల్ఫ్ట్_డైరీ
కనబడేది నూలు కాదండీ, పోగుల సందుల్లో దిగిన తెల్లపూత. బొమ్మ మొదలెట్టే ముందు కాన్వాసుకి సీసం తెలుపు కలిపిన అస్తరు పూస్తారు. పోగు ఎత్తుగా ఉన్నచోట అది పలచగా, సందులో దళసరిగా నిలుస్తుంది. ఎక్స్‌రేలో ఆ అచ్చు పడుతుంది. ఇప్పుడు కంప్యూటరుతో సెంటీమీటరుకి ఎన్ని పోగులో బొమ్మంతా లెక్కపెట్టి, రెండు బొమ్మలు ఒకే తానులోంచి కోశారా అని చెప్పేస్తున్నారు. 1888లో ఫ్రాన్సులోని ఆర్ల్‌లో గోగాఁ అనే చిత్రకారుడు 20 మీటర్ల జనపనార గుడ్డ తాను కొంటే ఆయనా వాన్ గో ఇద్దరూ దాన్నే కోసుకుని వాడుకున్నారు. ఆ తానులో ఏ ముక్క పక్కన ఏ ముక్క ఉండేదో కూడా పరిశోధకులు పేర్చి చూశారు.

పడుగుపేక
పేక తోలేటప్పుడు దెబ్బ ఒకసారి గట్టిగా, ఒకసారి మెల్లగా పడుతుంది. ఆ తేడా తాను అడ్డంగా ఈ అంచు నుంచి ఆ అంచుదాకా పోతుంది. పక్కపక్క ముక్కల్ని పట్టుకోవడం దాంతోనే అయి ఉండాలి.

డెల్ఫ్ట్_డైరీ
అచ్చంగా అదే. సాఫ్ట్‌వేరులో అవి రంగు చారలుగా వస్తాయి, చార కలిస్తే పక్క ముక్క. మీరు వచ్చి మా వాళ్ళకి ఒక క్లాసు చెప్పాలి.

శ్రీకాళహస్తి_కలం
అయితే మా కలంకారీకి ఎక్స్‌రే తీస్తే ఖాళీ ప్లేటే వస్తుందన్నమాట. చెట్ల రంగులు, కరక్కాయ, పాలు. నలుపులో మాత్రం ఇనుము ఉంది. బెల్లం నీళ్ళలో తుప్పు ఇనుము వారాలు నానబెట్టి చేస్తాం. బంగారుకొట్టు గారి మీటరు పెడితే గీతల్లో ఇనుము చెప్పాలి.

బంగారుకొట్టు
తీసుకురండి, చూద్దాం. బిల్లు వేయను.

తంజావూరు_తెలుగు
పాతపెట్టె గారూ, ముందు బొమ్మ వెనక చూశారా? 2022లో స్కాట్లాండ్ మ్యూజియంలో ఒక వాన్ గో రైతుస్త్రీ తలకి ఎక్స్‌రే తీస్తే ఆయన సొంత బొమ్మ కనబడింది. అది కింది పొరలో లేదు, కాన్వాసు వెనకవైపు ఉంది, జిగురుపెట్టి అతికించిన అట్ట చాటున.

పాతపెట్టె
వెనక సన్న చెక్కపలక కొట్టి ఉంది. స్క్రూడ్రైవరు తెస్తా.

రాత్రిడ్యూటీ, కాకిలెక్క, డెల్ఫ్ట్_డైరీ ముగ్గురూ ఒకేసారి టైపు చేస్తున్నట్టున్నారు 😀 అని నేను అనుకునేలోపే కొబ్బరాకు కూడా "వద్దు" అని పెట్టేశాడు, సరే, తేను.

కాకిలెక్క
తేకండి. మేకు లాగితే పెళుసుబారిన రంగు ఎటు రాలుతుందో చెప్పలేం. లక్నోలో జాతీయ సాంస్కృతిక సంపద పరిరక్షణ పరిశోధనశాల ఉంది, ఎన్నార్‌ఎల్‌సీ అంటారు, మైసూరులో దాని ప్రాంతీయ కేంద్రం. ఇంటాక్‌ అనే వారసత్వ పరిరక్షణ సంస్థ వాళ్ళకి కూడా కన్సర్వేషన్ ల్యాబులున్నాయి. ముందు పక్కవెలుతురు ఫోటోలు పంపి, ఎక్స్‌రే అవసరమా, ఇన్‌ఫ్రారెడ్ చాలా అని అడగండి. కింద బొగ్గుతో గీసిన గీత ఉంటే ఇన్‌ఫ్రారెడ్‌లోనే తేలుతుంది, అది చవక.

సందేహాల_సుబ్బి
చివరి డౌటు. లేపాక్షి కప్పు బొమ్మలకి కూడా ఇలా చూడొచ్చా?

రాత్రిడ్యూటీ
మామూలు ఎక్స్‌రే కుదరదు. కిరణం ఇటునుంచి వెళ్ళి అటు ప్లేటు మీద పడాలి. అక్కడ బొమ్మ వెనక ఉన్నది రాతిపలక, దాని వెనక ప్లేటు ఎక్కడ పెడతాం, 30 కిలోవోల్టులు రాయి దాటి ఎక్కడికి వస్తాయి? తంజావూరు గోడకీ ఇదే ఇబ్బంది.

డెల్ఫ్ట్_డైరీ
ఫ్లోరసెన్సు కుదురుతుంది, అది వెళ్ళిన వైపుకే తిరిగి వస్తుంది కాబట్టి. పరంజా కట్టి, మీటరుని కప్పుకి సెంటీమీటరు దూరంలో, కదలకుండా పట్టుకోవాలి.

బ్యానర్_బుల్లెబ్బాయ్
పరంజా ఎక్కి మెడ ఎత్తి గంటలు నిలబడే పనైతే మా ఇంట్లో ఇంకా ఇద్దరున్నారు, కబురు పెట్టండి.